అవ్వ వేలితో బోణీ

పోయిన వారం మీరు నన్ను గుడియాత్తం బస్సులో వదిలేసి వెళ్లారు. కిటికీ పక్క సీటు, ఒళ్లో చేతిసంచి, కడుపులో మంట. శివప్రకాశం అంగడి మెట్లెక్కి ఏమేం అడగాలో మనసులో వరస పెట్టుకుంటున్నాను. అనుకున్న ప్రతి మాటకీ ముందు "మర్యాదగా అడుగుతుండా" అని చేర్చుకుంటున్నాను. మా అమ్మ పెంపకం అలాంటిది.

ఈ వారమే మాతో కలిసినవాళ్లు ఉంటారు కదా, వాళ్లకోసం నాలుగు మాటలు. నా పేరు రంజని. మాది జోలార్పేట. గుడియాత్తం హేమనాథ్‌తో పెళ్లయి నా పసుపుతాడు రంగు ఇంకా రవికెకి అంటుతూనే ఉంది. కాలి మెట్టెలు నేలకి తగిలి టిక్కుమంటే ఎవరో వస్తున్నారనుకుని నేనే వెనక్కి తిరిగి చూస్తుంటాను. హేమనాథ్ వాళ్లది తరాలుగా లుంగీలు నేయించి అమ్మే ఇల్లు. పెళ్లవగానే మేమిద్దరం వేలూరులో, లాడ్జీల వెనక సందులో, చిన్న అంగడి తెరిచాం. లుంగీలు తప్ప ఇంకేమీ ఉండవు. పేరు 'గుడియాత్తం లుంగీ అంగడి'. లోపల ఒకరు పక్కకి తిరిగి నిలబడితేనే ఇంకొకరు దాటగలరు. ఆ ఇరుకు గురించి మేమిద్దరం ఇంతవరకు ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

చిక్కల్లా ఆ సందులోకి ఎవరూ తొంగి చూడకపోవడమే. వేలూరుకి వైద్యం కోసం బెంగాల్ నుంచి, అస్సాం నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆపరేషన్ అయిన మనిషి ప్యాంటు వేసుకోలేడు. మెత్తటి లుంగీ కావాలి. ఊరు కొత్త, భాష కొత్త. ఎవరిని అడుగుతారు? ఫోన్‌నే. అందుకే నేను గూగుల్‌లో ప్రకటన పెట్టాను. లుంగీ కోసం వెతికినవాళ్లకి అన్నిటికన్నా పైన మా పేరు కనిపిస్తుంది. కనిపించినందుకు డబ్బు లేదు. ఎవరైనా దాన్ని వేలితో తాకితేనే మా ఖాతాలోంచి కొంత పోతుంది. హేమనాథ్‌కి ఇలా చెప్పాను: "దండోరా వేసేవానికి అరిచినందుకు కూలి లేదు. అరుపు విని తల తిప్పినోళ్లు ఎందరో అందరి లెక్కన ఇయ్యల్ల." తను నా వైపు తల తిప్పి, "అయితే నేను తల తిప్పినందుకు ఎంత?" అన్నాడు.

ఏ మాటలు వెతికితే మా పేరు రావాలో కూడా మేమే ఎంచుకోవచ్చు. 'లుంగీ' అని ఒక్కటే పెడితే సినిమా పాటలు వెతికేవాళ్లంతా వచ్చి తాకిపోతారు. అందుకని 'ఆపరేషన్ తర్వాత మెత్తటి లుంగీ', 'కుట్ల మీద ఒరుసుకోని లుంగీ', 'వేలూరు లాడ్జీల దగ్గర లుంగీ' అని హిందీలో, బెంగాలీలో, ఇంగ్లీషులో పెట్టాను. చివర్లో అత్తగారి ఊరి మీద ప్రేమకొద్దీ 'గుడియాత్తం లుంగీ' అని కూడా చేర్చాను.

రోజుకి ఇంత అని హద్దు పెట్టుకున్నాం. అది అయిపోతే ఆరోజుకి ప్రకటన కనిపించదు. మేం షట్టర్ ఎత్తేలోపలే అది అయిపోతోంది! తాకినవాళ్లు ఫోన్ చెయ్యరు, రారు. ఎక్కడివాళ్లా అని చూస్తే దాదాపు అందరూ గుడియాత్తంవాళ్లే. ఒకే మనిషి మళ్లీ మళ్లీ తాకితే గూగుల్ కొన్నింటిని లెక్కలోంచి తీసేస్తుంది. ఇక్కడ తాకే చేతులే చాలా ఉన్నట్టున్నాయి. ఎవరో పగబట్టి మనుషుల్ని పెట్టి తాకిస్తున్నారనుకున్నాను. గుడియాత్తం బజారులో మా మామ అంగడికి ఎదురుగా ఉన్న లుంగీల అంగడి శివప్రకాశానిది. ఇంకెవరు?

పైగా మా మామ లోకనాథ్ గడువు పెట్టారు. "ఈ శుక్రవారం సాయంత్రం మీ అంగడిలో దీపం పెట్టేలోపల ఒక్కడు రావల్ల. మన మొగం తెలియనోడు, ఆ ఫోన్లో చూసి వచ్చినోడు, ఒక్క లుంగీ కొనల్ల. రాలేదంటే తాళం నా చేతికిచ్చి ఇంటికి వచ్చేయండి."

నేను బస్సెక్కింది గురువారం పొద్దున.

*

శివప్రకాశం అప్పుడే అంగడి ముందు నీళ్లు చల్లించి, సాంబ్రాణి పొగ లోపలి నాలుగు మూలలకీ చూపిస్తున్నారు. నన్ను చూసి పొగలోంచే నవ్వారు.

"రామ్మా, రా! లోకనాథ్ కోడలు గదా? కూచో. కాపీ తెప్పిస్తా."

"కాపీ వద్దు సార్."

"సారా?" ఆయన వెనక్కి తిరిగి తన వెనక ఎవరైనా సారు నిలబడ్డారేమో చూశారు. "ఎవురూ లేరే!"

నేను నవ్వకూడదని బస్సులోనే ఒట్టు పెట్టుకున్నాను. "మర్యాదగా అడుగుతుండా. ఫోన్లో మా అంగడి ప్రకటన వస్తాది గదా. దాన్ని దినామూ నొక్కుతా ఉండేది మీరేనా?"

కాదంటారనుకున్నాను. ఏ ప్రకటన అంటారనుకున్నాను. అలా అంటే ఏమనాలో, ఇలా అంటే ఏమనాలో అన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆయన సాంబ్రాణి గిన్నె కింద పెట్టి, ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు.

"నేనే!"

"మీరేనా?"

"దినామూ నేనే. స్నానం చేసి, విబూది పెట్టుకోని, తొలి పని అదే. అది నొక్కినాకనే నా అంగడికి సాంబ్రాణి వేసేది. ఒక్క దినం తప్పలా. మొన్న జ్వరం వచ్చి పడుకోనుంటే మా ఇంటామె నా వేలు పట్టుకోని నొక్కించినాది."

నేను కట్టుకొచ్చిన మాటలన్నీ చిల్లుపడిన సంచిలోంచి జారినట్టు ఎటో జారిపోయాయి. "ఎందుకు?" అని మాత్రం అడగగలిగాను.

"ఎందుకేందమ్మా! బోణీకి! లోకనాథ్ వాళ్లమ్మ, మీ అవ్వ, అడిగినాది గదా, నా చెయ్యి రాశి, తాకితే కలిసొస్తాది అని." ఆయన తన కుడిచేతిని నాకు తిప్పి తిప్పి చూపించారు. "ఈ బజారులో పద్ధతి నీకు తెలీదు, కొత్తదానివి. పొద్దున ఒకరి అంగడిలో బేరం కాకుంటే ఎదురంగడోడు పోయి ఒక తువ్వాలైనా కొనల్ల. పోటీ అంతా దాని తర్వాతే. మీ తాత ఉండేటప్పుడు నాకు బోణీ కాకుంటే ఆయన వచ్చి కొనేవాడు. ఆయనకి కాకుంటే నేను పోయేవాణ్ణి. ఇప్పుడు మనవడు వేలూరులో అంగడి పెట్టినాడు. ఎదురంగడోళ్లు ఎవురో ఏమో, వాళ్లకి ఈ పద్ధతి ఉండాదో లేదో. మీ అవ్వ నా దగ్గరికి వచ్చి, 'శివప్రకాశం, బస్సెక్కి పొయ్యేదానికి లేదు, దీంట్లో తాకినావంటే వాళ్ల అంగడి తలుపు తెరుచుకుంటాది' అనింది. తాకితే నిజంగానే మీ అంగడి వచ్చినాది! మీ ఇద్దరి ఫోటోతో!"

మా పేజీ మొదట్లో ఒక ఫోటో ఉంది. అంగడి తెరిచిన రోజు మేమిద్దరం పూలదండలతో, చెరొక చెయ్యీ పట్టుకుని ఒకే లుంగీని విప్పి చూపిస్తున్నది. లుంగీ కన్నా మా పళ్లే ఎక్కువ కనిపిస్తాయి.

నాకు కోపం పోయింది. పోయిన చోట ఇంకేదో వచ్చి నిండింది. కానీ చెప్పక తప్పదు.

"పెదమామా," అన్నాను. సార్ అన్న నోటితోనే. "దాన్ని ఒకతూరి తాకితే మా ఖాతాలోంచి డబ్బు పోతాది. అందురూ తెల్లారే తాకేస్తే ఆ దినానికి పెట్టిన డబ్బు అయిపోతాది. ఆసుపత్రికి వచ్చినోళ్లు లేచి వెతికేటప్పటికి మా పేరే ఉండదు."

ఆయన చూపుడువేలిని కళ్ల దగ్గరికి తెచ్చుకుని, ముల్లు గుచ్చుకుందేమో చూసినట్టు చూశారు. "అట్లయితే, నేను దినామూ విబూది పెట్టుకోని వచ్చి మీ ఇంట్లో దొంగతనం చేస్తా ఉండానా?"

"అయ్యో, అట్ల కాదు."

"అట్లనే! మీ అవ్వకి తెలుసునా ఇది?"

"తెలీదు."

ఆయన సాంబ్రాణి గిన్నెని మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. "పోయి చెప్పమ్మా. కానీ మెల్లగా చెప్పు. ఆ మనిషి ఇప్పుడు పొద్దున లేచేది దానికే."

మెట్లు దిగబోయి ఆగాను. "పెదమామా, మీకు బోణీ అయిందా?"

"ఇంకా యాడ! నువ్వే గదా తొలుత వచ్చినావు, తగువుకి."

ఒక తువ్వాలు కొన్నాను. ఎర్ర అంచుది. నేనిచ్చిన నోటుని ఆయన కళ్లకద్దుకుని, తలుపుకి తాకించి, పెట్టెలో వేశారు. హేమనాథ్‌కి ఆ తువ్వాలు బాగుంటుంది. అసలు తనకి ఏది బాగుండదు కనక!

*

ఇంటి తలుపు తీసే ఉంది. జ్ఞానాంబవ్వ, అంటే హేమనాథ్ నాయనమ్మ, పూజగూడు ముందు పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూడలేదు. నేను పిలవలేదు. పిలవాలనిపించలేదు.

ముందు గూట్లోంచి ఒక పాత లుంగీని తీసి, పైట చెంగుతో దుమ్ము దులిపి, మళ్లీ అక్కడే పెట్టింది. నీలం గళ్లది. దాని మీద వెలిసిపోయిన కాగితపు గుర్తు, ఎదురెదురుగా రెండు కోళ్లు. తాత కాలంలో మా సరుకు జోడుకోళ్ల గుర్తుతో పోయేదట. నేను కాపురానికి వచ్చిన రోజు దాన్ని ముట్టుకోబోతే అవ్వ, "అది అమ్మేది కాదు పాపా" అని నా చెయ్యి మెల్లగా తీసేసింది. ఎందుకని ఇంట్లో ఎవరికీ తెలియదు. అడిగితే అవ్వ వక్కాకు నోట్లో వేసుకుంటుంది.

తరవాత తాంబూలం పళ్లెంలోంచి ఫోన్ తీసింది. మా పెళ్లికి హేమనాథ్ కొనిచ్చినది. ఏ లిపీ చదవలేని అవ్వకి మాటతో వెతకడం నేర్పింది నేనే. అవ్వ ఫోన్‌ని నోటి దగ్గర పెట్టుకుని, పాలారు అవతలి గట్టున ఉన్న మనిషిని పిలిచినట్టు అరిచింది.

"గుడియాత్తం లుంగీ!"

వచ్చింది. అన్నిటికన్నా పైన మేమే. అవ్వ చూపుడువేలిని పసుపు కుంకుమల గిన్నెకి తాకించి, మా పేరుకి తాకించింది. మా ఫోటో తెరుచుకుంది. రెండు చేతులూ మా మొహాల చుట్టూ తిప్పి, కణతల దగ్గర మెటికలు విరిచింది. అంతటితో ఆగలేదు. ఫోన్‌లో బంధువులందరికీ మాట పంపింది.

"అందురూ బోణీ చేసినారా? మేల్పాడోళ్లు ఇంకా చెయ్యలా. పవిత్రా, నీకే చెప్తుండా, నిన్న కూడా తప్పించుకున్నావు. ఇంట్లో ఎందురుండారో అందురి చేతా తాకించు. ఊరికే గదా!"

ఊరికే గదా! ఆ మాటకి నేను గడప మీదే కూర్చుండిపోయాను. మెట్టెలు చప్పుడు చేశాయి. అవ్వ తిరిగి చూసింది.

"అమ్మణ్ణీ! ఎప్పుడు వచ్చినావు? వాడు యాడ? ఏంది, కండ్లలో నీళ్లు? ఏమన్నా అన్నాడా?"

"ఏమీ అనలా అవ్వా." పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. పసుపు అంటిన వేలు. ఇన్నాళ్లూ పగబట్టిన వేలని నేను తిట్టుకున్నది దీన్నే. మెల్లగా, శివప్రకాశం పెదమామ చెప్పినంత మెల్లగా, దండోరా సంగతీ కూలి సంగతీ చెప్పాను.

అవ్వ ఫోన్‌ని తిరగేసి పళ్లెంలో పెట్టింది. మా మొహాలు కిందికి పోయాయి.

"అంటే, రేపు వాడి అంగడి మూసేస్తే, మూసింది నేనా?"

"కాదవ్వా! తప్పు నాది. 'గుడియాత్తం లుంగీ' అనే మాట పెట్టింది నేను. ఈ ఊళ్లో అందురికీ కనబడేట్ల వదిలింది నేను. తాకితే డబ్బు పోతాదని ఇంట్లో ఒక్కరికైనా చెప్పినానా? లేదు. ఎవురో పగోళ్లు చేస్తా ఉండారనుకున్నా గానీ, మనోళ్లయి ఉంటారని అనుకోనేలా."

అవ్వ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. తియ్యటి మొట్టికాయ. "చదువుకున్నదానివి, చెప్పల్ల గదా!" అని, వెంటనే తనకే ఏదో తట్టినట్టు ముక్కు మీద వేలేసుకుంది. "అయినా నాకు తెలివుండొద్దా? మన బోణీ మనమే చేసుకుంటే అది బోణీ ఎట్లయితాది? పరాయి చెయ్యి పడల్ల."

వెనక నుంచి దగ్గు వినిపించింది. మామ, చేతిలో కాపీ గ్లాసుతో. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో!

"శుక్రవారం శుక్రవారమే," అన్నారు నా వైపు చూడకుండా. "ఎవురు తాకినారో, ఎందుకు తాకినారో, నాకు పనిలేదు."

"నువ్వు తాకలేదా నాయనా?" అంది అవ్వ.

మామ కాపీ తాగుతున్నారు. గ్లాసు ఖాళీ అయినా తాగుతూనే ఉన్నారు.

"లోకనాథూ!"

"ఒకటి రెండు తూర్లు," అన్నారు. "ఊరికే. ఎట్లుందో చూద్దామని."

"తాళం ఇచ్చేయమన్నోడివి నువ్వెందుకు తాకినావు?"

"మూసేస్తే ఆ ఫోటో మళ్లీ కనబడదేమో అని!" అనేసి మామ గబగబా పెరట్లోకి వెళ్లిపోయారు.

అవ్వ నన్ను చూసింది. నేను అవ్వని చూశాను. ఇద్దరం నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, పీట కదిలిపోయేంత నవ్వాం. జోలార్పేటలో మా అమ్మ నన్ను ఈ ఇంటికి పంపేటప్పుడు, "కొత్త మనుషులు, సర్దుకోని పో" అంది. ఏం సర్దుకోవాలమ్మా? నన్ను దినామూ తెల్లారే తాకి, దిష్టి తీసి, తరవాతే కాపీ తాగే మనుషులు వీళ్లు.

అవ్వ ఫోన్ తీసి మళ్లీ అరిచింది. "అందురూ వినండి! రేపటి నుంచి ఎవురూ తాకొద్దు. తాకినోళ్ల చెయ్యి ఇరుస్తా. పవిత్రా, నువ్వు చెయ్యకపొయ్యేదే మంచిదయింది." పెట్టేసి, ఒక్క క్షణం దిగులుగా చూసింది. "అది సరే. అట్లయితే మీ మొగాలు చూసేది ఎట్లా?"

దానికి నా దగ్గర మందుంది. మా పేజీని అవ్వ ఫోన్ మొదటి తెర మీదే ఒక బొమ్మలాగా పెట్టాను. ప్రకటన దారిలో పోనక్కర్లేదు. ఎన్నిసార్లు తాకినా పైసా ఖర్చు లేదు. అవ్వ తాకి చూసింది. మేం వచ్చాం, పళ్లతో సహా.

"ఎన్ని తూర్లైనా?"

"ఎన్ని తూర్లైనా అవ్వా."

అవ్వ వెంటనే ఇంకోసారి తాకింది.

*

'గుడియాత్తం లుంగీ' అన్న మాటని ఆరోజే తీసేశాను. ప్రకటన ఎక్కడెక్కడ కనిపించాలో చూపించే పటంలో గుడియాత్తాన్ని చెరిపేసి, వేలూరు లాడ్జీల వీధుల చుట్టూ మాత్రం గీత గీశాను. అత్తవారి ఊరిని చెరిపేసిన మొదటి కోడలిని నేనేనేమో. సాయంత్రానికి శివప్రకాశం పెదమామ ఫోన్ చేసి, "తాకలేదమ్మా, ఊరికే వెతికి చూసినా. మీ అంగడి కనబడలా. అది మంచిదే గదా?" అని అడిగారు. మంచిదే అన్నాను. "సరి, సరి" అన్నారు, ఎవరినో ఊరికి పంపినవాళ్ల గొంతుతో.

శుక్రవారం పొద్దున మేం షట్టర్ ఎత్తాం. ఫోన్‌లో చూశాను. ప్రకటన ఉంది! నిన్నటిదాకా తెల్లారేసరికి ఆరిపోయే దీపం, ఎండెక్కాక కూడా వెలుగుతున్నట్టు. హేమనాథ్‌కి చూపించాను. తను పొద్దున ఇద్దరం పంచుకునే బన్నులో తన సగంలోంచి జామ్ ఉన్న వైపు తుంచి నా నోట్లో పెట్టాడు.

నిజమైన బోణీ తన కళ్లతో చూడాలని అవ్వ కూడా నాతో వేలూరు వచ్చింది. సంచిలో ఆ జోడుకోళ్ల లుంగీని పెట్టుకుని మరీ. "తొలి బోణీకి ఇది ఎదురుగా ఉండల్ల" అని దాన్ని పై అరలో, అందరికీ కనిపించేలా పెట్టించింది. లోపల ముగ్గురం పట్టం కనక హేమనాథ్ సందులో నిలబడ్డాడు. అవ్వ స్టూలు మీద కూర్చుని, లుంగీలు విప్పి మళ్లీ మడతపెడుతూ, సందులో ఎవరి నీడ పడినా తల ఎత్తింది.

ఎవరో తాకారు. కాసేపటికి ఇంకొకరు. ఈసారి వేలూరువాళ్లే, మేం గీసిన గీతలోపలివాళ్లే. ఫోన్ మాత్రం మోగలేదు. మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా తీస్తే అవ్వ వద్దంది.

"బోణీ కానీ."

"తినవ్వా. నీకు కళ్లు తిరిగితే మేము అంగడి మూసి ఆసుపత్రికి పోవల్ల," అన్నాడు హేమనాథ్.

"పోతే పోదాం. అక్కడ నలుగురు లుంగీలు కొంటారు."

పొద్దు వాలింది. సందులో ఎండ గోడ మీదికి ఎక్కి, అక్కడి నుంచి మిద్దె మీదికి పోయింది. మామ వచ్చారు. తాళం అడగలేదు. గడప పక్కన నిలబడి, చెప్పులు విడవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు నిలబడిపోయారు. ఆయన మొహం చూస్తే నాకు ఆయన మీదే జాలేసింది. హేమనాథ్ కామాక్షి దీపంలో నూనె పోశాడు. మెల్లగా పోశాడు. వత్తిని సరిచేశాడు. మళ్లీ సరిచేశాడు. ఇంక సరిచెయ్యడానికి ఏమీ లేక అగ్గిపెట్టె చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు మోగింది ఫోన్. తెలియని నంబరు.

తొందరలో స్పీకర్ కూడా నొక్కేశాను. ఒక అమ్మాయి గొంతు, హిందీలో. మణిపూర్ నుంచి వచ్చారట. తాతకి ఎల్లుండి ఆపరేషన్. ఫోన్‌లో మెత్తటి లుంగీ అని వెతికితే మొదట మా పేరే వచ్చిందట. పక్క వీధి లాడ్జీలోనే ఉన్నారట. నాకు వచ్చిన కాలేజీ హిందీలో, "రండి రండి" అంటున్నాను. అవ్వ ఆగలేక నా భుజం తట్టింది.

"ఎవురే అది? ఎన్ని కావల్లనో అడుగు!"

అటువైపు అమ్మాయి మాట ఆగిపోయింది. ఏదో గలగల. తరవాత ఒక ముసలాయన గొంతు. తెలుగు! ఎక్కడో చాలా కాలం పెట్టెలో పెట్టి, ఇప్పుడు తీసి దులిపినట్టున్న తెలుగు.

"ఎవురమ్మా ఆడ మన మాట మాట్లాడతా ఉండేది?"

"గుడియాత్తమోళ్లం తాతా. మీకు ఏ లుంగీ కావల్ల?"

"గుడియాత్తమా?" ఊపిరి వినిపించింది. "అట్లయితే ఒకటి అడుగుతా, నవ్వొద్దు. జోడుకోళ్ల గుర్తు అని ఒకటి వచ్చేది. ఇప్పుడు లేదులే, తెలుసు. నీలం గళ్లు. ఒక్క లుంగీలో మాత్రం అంచు పక్కన ఒక ఎర్రపోగు ఉండేది. ఒకే ఒక్క పోగు. తప్పుగా పడింది కాదది, కావాలని వేసింది."

మామ తల ఎత్తారు. నేను పై అర వైపు చూశాను. హేమనాథ్ చెయ్యి చాచి ఆ లుంగీని దించి, ఒక్క మడత విప్పాడు. తాతల నాటి నీలం గళ్ల మధ్య, అంచుకి ఆనుకుని, సన్నగా, ఎర్రగా, ఒకే ఒక్క పోగు. దినామూ దుమ్ము దులిపే ఆ లుంగీలో అది ఉందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక్క మనిషికి తప్ప.

అవ్వ ఒళ్లో మడతపెడుతున్న లుంగీ జారి కిందపడింది.

"అట్లాంటిది ఉండాదా అమ్మా?" ఫోన్‌లో ముసలి గొంతు. "ఎంతైనా ఇస్తా."

మామ గబుక్కున నా పక్కకి వచ్చారు. కళ్లలో ఆశ. "ఉండాదని చెప్పమ్మా! అమ్మేస్తామని చెప్పు! దీపానికి ముందే..."

"అమ్మేది కాదు," అంది అవ్వ.

అది మేం రోజూ వినే గొంతు కాదు. అందరం తిరిగి చూశాం.

"అమ్మేది కాదని చెప్పు పాపా. అది ఆయనదే. వచ్చి తీసుకోమను."

"అమ్మా, ఎవురు ఆయన?" అన్నారు మామ. "అమ్మకపోతే ఎట్ల? నేను చెప్పిన మాట..."

అవ్వ స్టూలు మీద నుంచి లేచింది. ఇరుకులో పక్కకి తిరిగి నన్ను దాటి, హేమనాథ్ దగ్గరికి పోయి, అతని చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని, పైట చెంగున ముడి వేసుకుంది.

"శుక్రవారం దీపం పెట్టేలోపల అన్నావు గదా లోకనాథూ," అంది. "ఆయన వచ్చేదాకా ఈ అంగడిలో దీపం పెట్టేది లేదు."